నికెల్ లెక్కపెట్టేది కార్బన్‌నే: ఒక రిఫార్మర్‌లో కనిపించిన వేడి పట్టీలపై కేస్ స్టడీ

జూలై రెండో వారంలో ఒక రాత్రి షిఫ్టులో ప్రైమరీ రిఫార్మర్ (సహజవాయువును ఆవిరితో చర్య జరిపించే కొలిమి) చుట్టూ రౌండ్‌కు వెళ్లిన మా సీనియర్ ఆపరేటర్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి, "సార్, మూడో వరుసలో ట్యూబులు చారలు కట్టాయి, ఒకసారి వచ్చి మీరే చూడండి" అన్నారు. నేను ముఖానికి షీల్డు తగిలించుకుని, కోబాల్ట్ అద్దం పట్టుకుని పైనుంచి రెండో ప్లాట్‌ఫారమ్ మీదికి వెళ్లి పీప్ హోల్ తెరిచి చూశాను. చెర్రీ పండు ఎరుపులో నిలువుగా, నిండుగా కనిపించవలసిన ట్యూబుల మీద దాదాపు అర మీటరు మేర నారింజ రంగు పట్టీ అడ్డంగా మెరుస్తోంది. ఒక ట్యూబు మీద ఉంది, పక్కదాని మీద లేదు, ఆ పక్కన రెండింటి మీద మళ్లీ ఉంది. అదే సమయానికి కంట్రోల్ రూమ్ తెరమీద ఆవిరి-కార్బన్ నిష్పత్తి (ఒక్కో కార్బన్ పరమాణువుకు ఎన్ని ఆవిరి అణువులు) 3.0 అని, గంధకం పరీక్ష "నిల్" అని, రిఫార్మర్ నుంచి బయటికి వచ్చే వాయువు ఉష్ణోగ్రత ఉండవలసినంతే ఉందని చూపిస్తున్నాయి. ఈ రెండు దృశ్యాలూ ఒకే కొలిమివే అయినప్పుడు వాటి మధ్య తేడా ఎక్కడ పుట్టిందో వెతికిన పద్నాలుగు రోజుల పని ఈ వ్యాసంలోని విషయం. ప్లాంటు తెలుగు రాష్ట్రాల బయట ఉంది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. సహజవాయువుతో అమ్మోనియా, దాని నుంచి యూరియా తయారుచేసే మధ్యస్థాయి కర్మాగారం అని చెబితే చాలు.

రిఫార్మర్‌లో ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. మీథేన్ చాలా మొండి అణువు. దానిలో ఒక కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 439 కిలోజౌల్స్ కావాలి. నాలుగు బంధాలూ ఒకేలా ఉండటం వల్ల ధ్రువత్వం లేదు, పట్టు దొరకడానికి బలహీనమైన చోటూ లేదు. ఈ అణువును ఆవిరితో కలిపి నికెల్ మీదుగా పంపితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. ఈ చర్య మోల్‌కు 206 కిలోజౌల్స్ వేడిని మింగుతుంది. బీఏఎస్ఎఫ్‌లో పనిచేసిన అల్విన్ మిట్టాష్, ష్నైడర్ 1912లో నికెల్‌తో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. 1930ల తొలినాళ్లలో అమెరికాలోని బాటన్ రూజ్‌లో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చింది. నేటికీ మీథేన్‌ను అమ్మోనియాగా, మిథనాల్‌గా, ద్రవ ఇంధనాలుగా మార్చే పెద్ద ప్లాంట్లలో ఎక్కువ భాగం ముందు ఈ వాయు మిశ్రమాన్ని తయారుచేసుకుని, దాని మీద మరో ఉత్ప్రేరకాన్ని ప్రయోగిస్తాయి. మిథనాల్ కావాలంటే రాగి-జింక్ క్యాటలిస్టు, డీజిల్ లాంటి ఇంధనం కావాలంటే కోబాల్ట్ లేదా ఇనుము, మాలాగా అమ్మోనియా కావాలంటే ఇనుము.

ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు, మీథేన్‌ను నేరుగా మిథనాల్‌గానో ఇథిలీన్‌గానో మార్చకూడదా అని కొత్తగా చేరిన ట్రైనీలు ప్రతి ఏడాదీ అడుగుతారు, అడగాలి కూడా. యూనియన్ కార్బైడ్‌లో జార్జ్ కెల్లర్, మదన్ భాసిన్ 1982లో మీథేన్‌ను ఆక్సిజన్‌తో కలిపి ఆక్సైడ్ ఉత్ప్రేరకాల మీద నేరుగా రెండు కార్బన్ల హైడ్రోకార్బన్లుగా మార్చవచ్చని ప్రచురించిన నాటి నుంచి ఆ దారిలో పరిశోధన ఆగలేదు. అయితే అక్కడ పుట్టే ఉత్పత్తి మీథేన్ కంటే తేలికగా మండుతుంది. మీథేన్‌ను కదిలించే వేడిలోనే ఉత్పత్తి కూడా కార్బన్ డయాక్సైడ్‌గా కాలిపోవడం వల్ల దిగుబడి ఒక హద్దు దగ్గర నిలిచిపోతుంది. రిఫార్మింగ్‌లో ఆ బాధ లేదు, ఎందుకంటే ఆ వేడిలో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ నిలకడగా ఉంటాయి. దీనికి బదులుగా మనం కట్టే మూల్యం రెండు రకాలు: భారీగా వేడి, ఆ వేడిలో కార్బన్ పేరుకోకుండా నిత్యం కాపలా. మా కేసు ఈ రెండో దానికి సంబంధించింది.

మా కొలిమి పైనుంచి మండించే రకం. 8 వరుసల్లో వరుసకు 36 చొప్పున 288 ట్యూబులు, ఒక్కొక్కటి 12 మీటర్ల పొడవు, 25 శాతం క్రోమియం, 35 శాతం నికెల్, కొద్దిగా నియోబియం ఉన్న పోత లోహం. ప్రతి ట్యూబులో పై 4 మీటర్లు పొటాష్ కలిపిన నికెల్ క్యాటలిస్టు, కింది 8 మీటర్లు పొటాష్ లేని మామూలు నికెల్ క్యాటలిస్టు నింపి ఉంటాయి. పొటాష్ చేసే పని ఆమ్ల గుణం ఉన్న చోట్లను అణచడం, అప్పుడే పట్టిన కార్బన్‌ను ఆవిరి త్వరగా తినేసేలా చేయడం. దాని వల్ల నికెల్ చురుకుదనం కొంత తగ్గుతుంది కాబట్టి ట్యూబు పొడవునా వాడరు, కార్బన్ భయం ఎక్కువగా ఉండే పైభాగంలోనే వాడతారు. రిఫార్మర్‌కు ముందు గంధకాన్ని తీసేయడానికి కోబాల్ట్-మాలిబ్డినం హైడ్రోజనేటర్, దాని వెనుక రెండు జింక్ ఆక్సైడ్ పాత్రలు ఉన్నాయి.

పట్టీ కనిపించిన రాత్రి నుంచి రెండు రోజులు మేము తప్పుదారిలో నడిచాం. పట్టీ ఎక్కువగా మూడు, నాలుగు వరుసల్లో ఉండటంతో ఇది బర్నర్ల సమస్య అనుకున్నాం, మంట ట్యూబుకు తగులుతోందేమోనని ఆ వరుసల మధ్య బర్నర్లకు ఇంధనం కొంత తగ్గించాం. పట్టీ మెరుపు తగ్గినట్టు అనిపించింది. కానీ మొత్తం నిర్గమ ఉష్ణోగ్రతను నిలబెట్టడానికి కంట్రోలర్ మిగతా బర్నర్లకు ఇంధనం పెంచింది, మూడో రోజుకు ఐదో వరుసలో కొత్త పట్టీలు వచ్చాయి. నిజంగా మంట తగిలితే వేడి మచ్చ ట్యూబుకు ఒక వైపే ఉంటుంది, మంట కదిలితే అదీ కదులుతుంది. మా పట్టీ ట్యూబు చుట్టూ ఉంది, ఒకే ఎత్తులో కదలకుండా ఉంది. ఈ తేడాను మొదటి రాత్రే గుర్తించి ఉండాలి. గుర్తించలేదని ఇక్కడ రాయడం అవసరం, ఎందుకంటే ఆ రెండు రోజుల్లో ట్యూబుల ఆయుష్షు కొంత ఖర్చయింది.

ఆయుష్షు లెక్క ఇలా ఉంటుంది. ఈ ట్యూబులను డిజైన్ ఉష్ణోగ్రతలో 1,00,000 గంటలు నిలిచేలా లెక్కగడతారు. గోడ ఉష్ణోగ్రత డిజైన్ కంటే సుమారు 20 డిగ్రీలు పెరిగితే ఆ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ నమ్మే స్థూల సూత్రం. మామూలు రోజుల్లో మా ట్యూబుల గరిష్ఠ గోడ ఉష్ణోగ్రత 880 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేది. పట్టీల దగ్గర, వెలుగును బట్టి దూరం నుంచే ఉష్ణోగ్రత కొలిచే పైరోమీటర్ 935 చూపించింది. కొలిమి గోడల నుంచి పరావర్తనం చెందే వెలుగు వల్ల పైరోమీటర్ నిజం కంటే ఎక్కువ చూపిస్తుందని తెలుసు కాబట్టి ఆ సంఖ్యను పట్టుకోకుండా అదే ఎత్తులో పట్టీ లేని పక్క ట్యూబుతో పోల్చి చూశాం. తేడా 45 నుంచి 50 డిగ్రీలు ఉంది. పరావర్తనం రెండింటికీ ఒకటే కనుక ఈ తేడాను నమ్మవచ్చు.

ట్యూబు చుట్టూ, ఒకే ఎత్తులో పట్టీ వచ్చిందంటే లోపల అక్కడ చర్య ఆగిపోయిందని అర్థం. రిఫార్మింగ్ వేడిని మింగుతుంది కాబట్టి పనిచేసే క్యాటలిస్టు ట్యూబు గోడను లోపలి నుంచి చల్లబరుస్తూ ఉంటుంది. క్యాటలిస్టు చచ్చిన చోట ఆ చల్లదనం పోతుంది, గోడ వేడెక్కుతుంది, లోపలి వాయువూ వేడెక్కుతుంది, వేడెక్కిన హైడ్రోకార్బన్ ఇంకా విరిగి కార్బన్ వదులుతుంది. పట్టీ దానంతట అదే పెరిగే గుణం ఇక్కడి నుంచే వస్తుంది. ఆపరేటర్ లాగ్ పుస్తకంలో ఒక వరుస ట్యూబులను పెన్సిల్‌తో గీసి, పట్టీలు పైనుంచి 4.3 మీటర్ల దగ్గర మొదలై 4.8 దగ్గర ముగుస్తున్నాయని రాశారు. పొటాష్ క్యాటలిస్టు 4 మీటర్ల దగ్గర ముగుస్తుంది. పట్టీ సరిగ్గా దాని సరిహద్దుకు కింద, మంటల వేడి ఇంకా తీవ్రంగానే ఉండే చోట పుట్టింది. అంటే విరగని బరువు హైడ్రోకార్బన్లు పై 4 మీటర్లను దాటి, కాపలా లేని క్యాటలిస్టు దాకా వస్తున్నాయి. అవి అక్కడిదాకా రావాలంటే పైభాగం బద్ధకించి ఉండాలి, లేదా అవి ముందు కంటే ఎక్కువ ఉండాలి. మా కేసులో రెండూ జరిగాయి.

ఇక్కడి నుంచి పని కొలిమి దగ్గర కాకుండా కాగితం మీద జరిగింది. పట్టీలు కనిపించడానికి తొమ్మిది రోజుల ముందు పైపులైను వాయువు మారింది. అంతకు ముందు మాకు వచ్చినది దాదాపు శుద్ధ మీథేన్: 98.5 శాతం మీథేన్, 0.8 ఈథేన్, 0.2 ప్రొపేన్, మిగిలింది నైట్రోజన్. కొత్త బావుల వాయువు కలిశాక ప్రయోగశాల ఇచ్చిన విశ్లేషణలో మీథేన్ 91 శాతానికి దిగింది, ఈథేన్ 5, ప్రొపేన్ 2, బ్యూటేన్లు 0.6 శాతం ఉన్నాయి. ఈ కాగితం అందరి దగ్గరికీ వెళ్లింది. వాయువు కెలోరిఫిక్ విలువ పెరిగిందని అందరం సంతోషించాం కూడా. పాత వాయువులో ప్రతి 100 అణువులకు 101 కార్బన్ పరమాణువులు ఉంటే, కొత్త దానిలో 109 ఉన్నాయన్న సంగతిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మా కంట్రోల్ వ్యవస్థ ఆవిరి-కార్బన్ నిష్పత్తిని కట్టే తీరు ఇది: వాయువు ప్రవాహాన్ని ఘనపరిమాణంలో కొలిచి, దాన్ని ఒక కార్బన్ సంఖ్యతో గుణించి, ఆవిరి ప్రవాహాన్ని ఆ ఫలితంతో భాగిస్తుంది. ఆ కార్బన్ సంఖ్య 1.01 అని ప్లాంటు ప్రారంభంలో ఒకసారి ఎక్కించిన స్థిరాంకం. అసలు విలువ 1.094 అయినప్పుడు తెరమీద 3.0 కనిపిస్తే లోపల ఉన్నది 2.77 మాత్రమే. వాయువులో ఏది ఎంత ఉందో కొలిచే ఆన్‌లైన్ క్రొమాటోగ్రాఫ్ రికార్డు వెనక్కి తిప్పి చూస్తే రెండు రాత్రులు పైపులైనులో కొత్త వాయువు వాటా పెరిగి కార్బన్ సంఖ్య 1.15 దాకా వెళ్లింది. ఆ గంటల్లో అసలు నిష్పత్తి 2.63. అంతకు ఏడాది ముందు శక్తి పొదుపు కోసం నిష్పత్తిని 3.2 నుంచి 3.0కు తగ్గించుకుని ఉన్నాం కాబట్టి మాకున్న వెసులుబాటు అప్పటికే కొంత కరిగిపోయి ఉంది.

ఈ లెక్కలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. పీడన తేడాను బట్టి ప్రవాహాన్ని కొలిచే ఆరిఫైస్ మీటర్‌కు వాయువు అణుభారం సరిగ్గా తెలియకపోతే అది ప్రవాహాన్ని తప్పుగా చూపుతుంది. వాయువు బరువెక్కితే నిజమైన ఘనపరిమాణం మీటర్ చూపిన దానికంటే తక్కువగా ఉంటుంది. మా వాయువు అణుభారం 16.3 నుంచి 17.8కి పెరిగింది, దానివల్ల మీటర్ 4 శాతానికి పైగా ఎక్కువ చూపేది. ఆ తప్పును అలాగే వదిలేసి ఉంటే, అది కార్బన్ సంఖ్య తప్పుకు ఎదురు దిశలో పనిచేసి అసలు నిష్పత్తిని 2.9 దగ్గర నిలబెట్టేది. కానీ కొత్త వాయువు వచ్చిన రోజే ఇన్‌స్ట్రుమెంట్ విభాగం అణుభారాన్ని సరిచేసింది, ఎందుకంటే శక్తి ఖాతాలు, చెల్లింపులు ఆ సంఖ్య మీద ఆధారపడి ఉన్నాయి. కార్బన్ సంఖ్య మీద ఏ చెల్లింపూ ఆధారపడలేదు కాబట్టి దాన్ని సరిచేయాలని ఎవరికీ తట్టలేదు. ఆ విభాగం తన పని సక్రమంగా చేసింది. ఆ పని పక్కనే ఉన్న రెండో స్థిరాంకం మా ప్రాసెస్ విభాగానిది, దాన్ని చూడవలసింది మేము.

అయితే 2.77 ఒక్కటే ఈ పట్టీలను పుట్టించి ఉండదని నా అభిప్రాయం. మంచి క్యాటలిస్టు, శుభ్రమైన వాయువు ఉంటే ఆ నిష్పత్తిలో నిబ్బరంగా నడిచే ప్లాంట్లు ఉన్నాయి. మా ట్యూబుల పై 4 మీటర్లు ఎందుకు బద్ధకించాయన్నది విడిగా తేలవలసిన ప్రశ్న, దానికి జవాబు గంధకం దగ్గర దొరికింది.

నికెల్‌కు గంధకం విషం అని అందరికీ తెలుసు. రిఫార్మర్‌లోకి వెళ్లే వాయువులో అది 0.1 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.1 భాగం) కంటే తక్కువ ఉండాలని మేము పాటించే హద్దు. ఉష్ణోగ్రత తక్కువ ఉన్న చోట గంధకం నికెల్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది, అందుకే ముందు చచ్చేది ట్యూబు పైభాగం. మా ప్రయోగశాల జింక్ ఆక్సైడ్ పాత్రల తరువాత ప్రతి షిఫ్టులోనూ గాజు డిటెక్టర్ ట్యూబుతో పరీక్ష చేసి "నిల్" అని రాస్తోంది. ఆ రాత అబద్ధం కాదు. కానీ ఆ గాజు ట్యూబు చూసేది హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మాత్రమే. పాత వాయువులో గంధకం అంతా ఆ రూపంలోనే ఉండేది కాబట్టి, ఇంధనం ఆదా చేయడానికి హైడ్రోజనేటర్ ప్రవేశ ఉష్ణోగ్రతను 370 నుంచి 340 డిగ్రీలకు తగ్గించి చాలా కాలం సుఖంగా నడిపాం. కొత్త బావుల వాయువులో సేంద్రియ గంధకం ఉంది. మెర్కాప్టన్లను జింక్ ఆక్సైడ్ కొంతవరకు పట్టుకోగలదు కానీ, అంతకంటే మొండివైన సల్ఫైడ్లను, థయోఫీన్ జాతిని హైడ్రోజనేటర్ ముందుగా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చకపోతే అవి జింక్ ఆక్సైడ్ గుండా దాటిపోతాయి. 340 డిగ్రీల దగ్గర మా పాత క్యాటలిస్టు ఆ మార్పును పూర్తిచేయలేకపోయింది. బయటి ప్రయోగశాలకు పంపిన నమూనాలో మొత్తం గంధకం 0.2 పీపీఎంకు దగ్గరగా వచ్చింది. అదే సమయంలో అదే చోట మా గాజు ట్యూబు "నిల్" చెప్పింది.

కాబట్టి వరుస ఇది: సేంద్రియ గంధకం తొమ్మిది రోజుల పాటు కొద్దికొద్దిగా పై 4 మీటర్ల నికెల్‌ను కప్పింది, అక్కడ విరగవలసిన ఈథేన్, ప్రొపేన్ కిందికి జారాయి, అవి చేరిన చోట పొటాష్ లేదు, ఆవిరి మేము అనుకున్నంత లేదు. రిఫార్మర్ నుంచి వెళ్లే మీథేన్ 11.0 శాతం నుంచి 12.6కు పెరగడం, ట్యూబుల మీద పీడన నష్టం అదే లోడులో 2.4 బార్ నుంచి 3.1 బార్‌కు పెరగడం ఈ వరుసకు సరిపోయాయి. మీథేన్ పెరుగుదలను మేము వారం ముందే చూశాం, కొత్త వాయువు కదా, అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాం.

కారణం తెలిసిన సాయంత్రం మూడు పనులు వెంటనే జరిగాయి. లోడు 75 శాతానికి దించి, సరైన కార్బన్ సంఖ్య ఎక్కించి నిష్పత్తిని 3.8కి పెంచాం, హైడ్రోజనేటర్‌ను 380 డిగ్రీలకు తీసుకెళ్లి దానికి వెళ్లే హైడ్రోజన్‌ను పెంచాం. రెండు రోజుల్లో 43 పట్టీల్లో పదింటి దాకా పలచబడ్డాయి, మిగతావి కదలలేదు. క్యాటలిస్టు గింజల రంధ్రాల లోపల కార్బన్ పాతుకుపోతే నడుస్తున్న కొలిమిలో ఇంతకు మించి ఆశించలేం. వాయువును పూర్తిగా ఆపి ఆవిరి ఒక్కదానితో ట్యూబులను కడగాలి. దానికి ప్లాంటు ఆగాలి.

జూలైలో యూరియా ప్లాంటును ఆపమని అడగడం ఎంత కష్టమో ఈ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. నాట్లు పడుతున్న రోజులు, ఒక్కొక్క 45 కిలోల బస్తా కోసం సొసైటీల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మాలో చాలామంది ఉన్నాం. ఆ సమావేశంలో నేను చెప్పిన వాదన ఒక్కటే. ఇప్పుడు ఆపితే మూడు, నాలుగు రోజులు పోతాయి. పట్టీలతోనే లాగితే, సీజన్ మధ్యలో ఒక ట్యూబు పగిలితే, లోపల 30 బార్లకు పైగా ఉన్న వాయువు కొలిమిలోకి వచ్చి మండి పక్క ట్యూబులను కూడా తీసుకుపోతుంది, అప్పుడు లెక్క వారాల్లో ఉంటుంది. ప్లాంటు అధిపతి ట్యూబు ఆయుష్షు లెక్క కాగితం తీసుకుని గంటసేపు ఒక్కొక్క అంకె అడిగి తెలుసుకుని, ఆపడానికి సంతకం చేశారు.

ఆవిరి కడుగుడు వివరంగా రాస్తాను, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ముందుగా సెకండరీ రిఫార్మర్‌కు (ప్రైమరీ తరువాత వాయువులో గాలి కలిపే పాత్ర) వెళ్లే గాలి ఆపి, ఆ గాలిని వేడిచేసే కాయిల్ కాలిపోకుండా దానిలోకి ఆవిరి వదిలాం. తరువాత వాయువు ఆపాం. కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే షిఫ్ట్ కన్వర్టర్లను నైట్రోజన్ పీడనం కింద విడదీసి, వాయువును వాటికి ముందే వెంట్‌కు తిప్పాం. ట్యూబుల నుంచి కదిలే గంధకం లో టెంపరేచర్ షిఫ్ట్‌లోని రాగి క్యాటలిస్టుకు చేరితే ఒక రోగాన్ని నయం చేయబోయి రెండోది తెచ్చుకున్నవాళ్లమవుతాం. ఆవిరిని మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపలేదు. కొలిమి చల్లబడి ఆవిరి నీరైతే ఆ నీరు వేడి గింజలను పగలగొడుతుంది. పీడనం తగ్గించి, ఆవిరి ప్రవాహాన్ని డిజైన్‌లో 40 శాతం దగ్గర ఉంచి, ట్యూబుల నిర్గమ ఉష్ణోగ్రతను 760 డిగ్రీల దగ్గర నిలిపాం. ఆవిరి కార్బన్‌ను తింటే కార్బన్ ఆక్సైడ్లు, హైడ్రోజన్ వస్తాయి. వెంట్ నమూనాను చల్లబరిచి నీరు తీసేశాక మిగిలే వాయువులో కార్బన్ డయాక్సైడ్‌ను గంటగంటకూ కొలిచాం. మొదటి ఆరు గంటలు అది పెరుగుతూ పోయింది, తరువాత నెమ్మదిగా దిగింది, పంతొమ్మిదో గంట తరువాత వరుసగా మూడు నమూనాల్లో కనిపించలేదు. నమూనా సీసాలోని కండెన్సేట్ మొదటి రోజు కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది, లెడ్ ఎసిటేట్ కాగితం ముంచితే గోధుమ రంగుకు తిరిగింది. రెండో రోజు కాగితం తెల్లగానే ఉంది. పైభాగం గంధకాన్ని వదిలేసిందని మాకు దొరికిన తొలి ప్రత్యక్ష సాక్ష్యం ఆ కాగితమే.

అన్ని గంటలు ఆవిరిలో ఉన్న నికెల్ ఆక్సైడ్‌గా మారి ఉంటుంది, దాన్ని మళ్లీ లోహంగా మార్చకుండా లోడు పెంచితే పట్టీలు తిరిగి వస్తాయి. అందుకని వాయువును నిష్పత్తి 7తో ప్రవేశపెట్టి, ఉష్ణోగ్రతను 800 దగ్గరికి తెచ్చి ఆరు గంటలు ఆగాం. నిర్గమంలో మీథేన్ దిగి నిలకడపడ్డాకే నిష్పత్తిని మెట్లు మెట్లుగా 3.3కు తగ్గించాం. వాయువు ఆపిన గంట నుంచి అమ్మోనియా తిరిగి వచ్చే దాకా మూడున్నర రోజులు పట్టింది. పూర్తి లోడులో మీథేన్ 11.2 శాతానికి, పీడన నష్టం 2.5 బార్‌కు వచ్చాయి. 43 ట్యూబుల్లో 38 నిండు ఎరుపుకు తిరిగాయి. ఐదింటిలో సన్నటి పట్టీ మిగిలింది. అక్కడ తేడా 15 డిగ్రీల లోపే ఉండటంతో వాటిని వార్షిక షట్‌డౌన్ దాకా నడపవచ్చని నిర్ణయించాం.

ఇప్పుడు ఆన్‌లైన్ క్రొమాటోగ్రాఫ్ నుంచి కార్బన్ సంఖ్య నేరుగా నిష్పత్తి లెక్కలోకి వెళుతుంది. క్రొమాటోగ్రాఫ్ ఆగిపోతే చివరి విలువ దగ్గర నిలవకుండా 1.15 అనే జాగ్రత్త విలువకు మారుతుంది. దీనివల్ల ఆవిరి కొంత వృథా అవుతుందని వచ్చిన అభ్యంతరం నిజమే, కానీ ఆ గంటల్లో ఆ వృథాను భరించడం మేలని నేను పట్టుబట్టాను. హైడ్రోజనేటర్ 370కి దిగువకు వెళ్లదు. మొత్తం గంధకాన్ని వారానికోసారి, వాయువు మూలం మారినప్పుడు రోజూ పరీక్షిస్తున్నాం, గాజు ట్యూబు పరీక్ష కూడా కొనసాగుతోంది. లాగ్ పుస్తకంలో "నిల్" అన్న చోట ఏది నిల్ అన్నది, ఆ పరీక్ష ఎంత దాకా పట్టుకోగలదన్నది కూడా రాస్తారు. రౌండ్‌కు వెళ్లే ఆపరేటర్ 288 ట్యూబుల పటం ఉన్న కాగితం మీద తాను చూసినది గీసి సంతకం చేస్తారు. ఆ కాగితం నమూనా మా సీనియర్ ఆపరేటర్ ఆ రాత్రి వేసిన పెన్సిల్ బొమ్మ నుంచే తయారైంది.

షట్‌డౌన్‌లో ఆ ఐదు ట్యూబులను పైనుంచి వాక్యూమ్‌తో ఖాళీ చేశాం. టేపు పట్టుకున్నది ఆ సీనియర్ ఆపరేటరే. పై 4 మీటర్ల గింజలు బూడిద రంగులో, అంచులు కూడా చెక్కుచెదరకుండా వచ్చాయి. 4.2 దాటగానే గొట్టంలో శబ్దం మారింది, గింజలకు బదులు ముక్కలు, వాటితో నల్లటి పొడి రావడం మొదలైంది. అరచేతిలోకి తీసుకుని వేలితో నొక్కితే ముక్క పొరలు పొరలుగా విడిపోయి వేలికి మసి అంటింది. 4.9 దగ్గర మళ్లీ నిండు గింజలు వచ్చాయి. ఆయన టేపు చుట్టి, జూలై లాగ్ పుస్తకం తెప్పించి, 4.3 - 4.8 అని తాను రాసిన అంకెల పక్కన ఆ రోజు కొలతలను కూడా రాసి తారీఖు వేశారు.